రమణయ్య రాని రోజు పాఠం

ఇన్నేళ్లూ ఒక్క మాటను లోపల పెట్టుకుని తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రమణయ్య నా తోడల్లుడు. మా మామకు తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరిగే పెట్టె చేయాలని మేమిద్దరం నెల్లూరులో సాయంత్రం ఎలక్ట్రానిక్స్ క్లాసులకు చేరాం. నేను కాలిన మోటార్లకు తీగ చుట్టేవాడిని. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాడిని. నేను వేలు పెట్టి ఒక వరుస చదివేలోపు అతను చిప్పుకు ప్రోగ్రాం రాసేసేవాడు. బుర్ర చిన్నల్లుడిది, కండ పెద్దల్లుడిది అని మామ అందరి ముందూ అనేవాడు. నవ్వేవాడిని. ఇంటికెళ్లి అదే వరుస మళ్లీ వేలు పెట్టి చదివేవాడిని.

మామకు ఒంట్లో బాగాలేక రమణయ్య ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు క్లాసులో సారు ఒక సంగతి చెప్పాడు. నీళ్లలోని సెన్సారు నుంచి వచ్చే కరెంటు చాలా సన్నది. దాని గ్రౌండు తీగా, అంటే కరెంటు వెనక్కి పోయే తీగా, మోటారును ఆన్ చేసే రిలే గ్రౌండు తీగా ఒకే దారిలో పోకూడదు. విడివిడిగా తెచ్చి ఒక్కచోటే కలపాలి. లేకపోతే మోటారు తిరగగానే చిప్పు తప్పు అంకె చదువుతుంది. మోటార్ల మనిషిని కదా, ఠక్కున ఎక్కింది. అతనికి తెలియనిది మొదటిసారి నాకు తెలిసింది.

మర్నాడు రమణయ్య అడిగాడు. "నిన్న సారు ఏం చెప్పినాడన్నా?"

"ఏముంది, పాతదే మళ్లీ చెప్పినాడు."

పెట్టె అతనే చేశాడు. రెండు తీగలూ కలిపేశాడు. చూశాను. మూత బిగించడానికి స్క్రూడ్రైవర్ నేనే అందించాను. బల్ల మీద చక్కగా పనిచేసింది. బల్ల మీద మోటారు లేదు కదా. గుంట దగ్గర తెల్లవారుజామున ఏరియేటర్లు తిరగగానే అంకె పైకెగిరింది. ఆక్సిజన్ చాలుననుకుని పెట్టె వాటిని ఆపేసింది. తిప్పడం, ఆపడం, అదే పని. మేం వెళ్లేసరికి రొయ్యలు గట్టు పొడుగునా తేలి ఉన్నాయి.

మామ అతనితో మాట్లాడలేదు. నేను తీగలు విడదీసి బాగుచేస్తే భుజం తట్టాడు. దానికోసమేనా ఇదంతా? చిన్న తప్పేగా, తర్వాత సరిచేద్దామనుకున్నానని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. అతను పడిపోతే చూడాలనుకున్నాను.

రమణయ్య తీగలు అతికే తన సోల్డరింగ్ ఐరన్ నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉండనీ అన్నా. నాకంత బుర్ర లేదు."

మళ్లీ ఆ పని ముట్టలేదు. మైపాడు దారిలో ఆటో నడుపుతున్నాడు. కనబడితే ఆపి ఎక్కించుకుంటాడు. నా పెట్టెలు ఇప్పుడు చుట్టుపక్కల గుంటలన్నిటి మీదా ఉన్నాయి. లోపలి ప్రోగ్రాం ఇంకా అతనిదే.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. ఆనాడు అతను అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. సారు కొత్త పాఠమే చెప్పాడు రమణయ్యా. రెండు తీగలూ విడిగా తెమ్మన్నాడు. విన్నాను. దాచాను.