టీచర్ గారు నోరు మూసుకున్న ఫ్రేము

మా ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు. అందరూ ‘ఆగాగు’ అంటారు. నేను ఆయన పెళ్ళాన్నని తెలిసి కూడా నా దగ్గరికే వచ్చి, "ఆగాగు ఉన్నాడా?" అని అడుగుతారు. ఆ పేరు ఊరికే రాలేదు. పాత పెళ్ళి వీడియో ఒకటి పెట్టుకుని తెర ముందు కూర్చుంటే చాలు, "ఆగాగు... ఆగాగు... అబ్బా, పోయింది" అంటూనే ఉంటాడు. లోపలివాళ్ళు ఆగుతారా? వాళ్ళ మానాన వాళ్ళు తింటుంటారు, పోట్లాడుకుంటుంటారు, కెమెరాకి వీపు చూపిస్తుంటారు.

వీడియోల్లోంచి ఫొటోలు తియ్యడం ఆయన పని. ఒకప్పుడు తనే పెళ్ళిళ్ళకి వీడియో తీసేవాడు. భుజం అరిగింది, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, కెమెరా బీరువా ఎక్కింది. ఇప్పుడు మాకున్నది మెట్ల కింద ఒక గది. ముందు బల్ల దగ్గర నేను జిరాక్సులు, లామినేషన్లు చేస్తాను. ప్లైవుడ్ అడ్డం వెనక ఆయన, రెండు పాత క్యాసెట్ ప్లేయర్లు, ఒక కంప్యూటర్. మంచి ఫొటో అంటూ లేని మనుషులు మీరనుకున్న దానికంటే ఎక్కువమంది ఉన్నారు. ఎవరి పెళ్ళి వీడియోలోనో ఒక మూల మూడు సెకన్లు నడిచి వెళ్ళుంటారు. ఆ మూడు సెకన్లలోంచి ఒక మొహం తీసిపెట్టమని వాళ్ళ పిల్లలు వస్తారు.

"సెకనుకి ఇరవై అయిదు బొమ్మలే. అందులో ఇరవై నాలుగు ఎందుకూ పనికిరావు" అంటాడు మా ఆయన. ఒకదాంట్లో కళ్ళు సగం మూసుంటాయి, ఒకదాంట్లో మూతి పక్కకి పోయుంటుంది, ఇంకోదాంట్లో తుమ్మబోతుంటారు. పైగా పాత క్యాసెట్లలో ఒక్కో బొమ్మా రెండు సగాలు కలిపి అల్లినట్టుంటుందట. మనిషి కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా లేస్తాయి. ఈ పిచ్చిని ఇంటికి కూడా మోసుకొచ్చాడు. ఒకసారి నేను ఒంటికాలి మీద లేచి తిడుతుంటే, గుడ్లప్పగించి చూసి, "ఇప్పుడే ఒక మంచి ఫ్రేము పోయింది" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. ఆయన ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు.

గమనించకపోవడానికి కారణం ఉంది. ఆయన సౌండు పెట్టుకోడు. "మాటలు వింటే మొహం కనపడదు" అంటాడు. అదొక నియమం. స్పీకరు ఊడదీసి అలమర మీద పడేశాడు. నేను దానికి క్యాలెండరు ఆనించుకున్నాను.

అలాంటి మనిషి ప్రాణానికి ఒక సోమవారం పొద్దున హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. ఊళ్ళో సగంమందికి చదువు చెప్పి రిటైరైన మనిషి. మా ఆయనకీ చెప్పారు. ఆవిడ గొంతు వినపడగానే ప్లైవుడ్ వెనక కుర్చీ కిర్రుమంది. యాభై రెండేళ్ళ మనిషి లేచి, చేతులు కట్టుకుని బయటికొచ్చాడు.

"కూర్చోరా. అమ్మాయ్, నువ్వు కూడా విను" అన్నారావిడ. "వచ్చే వారం గురువారం నాకు గుండె ఆపరేషను. బతికితే సరే. బతక్కపోతే హాల్లో గోడకి ఒక ఫొటో పెడతారు. మావాళ్ళకి వదిలేస్తే పెన్షన్ కార్డు మీదున్న ఫొటోనే పెద్దది చేయిస్తారు. అది చూసి మా మనవరాలు ఒకసారి జడుసుకుంది. పిల్లలు జడుసుకునే మొహంతో నేను గోడ మీద ఉండను."

మాట గట్టిగానే ఉంది. చేతులు మాత్రం సంచి పిడిని మడతపెడుతూ విప్పుతూ ఉన్నాయి. ఆవిడంటే నాకూ భయమే, కానీ ఆ చేతులు చూసి జాలేసింది.

"ఇప్పుడే ఒకటి తీస్తాను టీచర్ గారూ" అని మా ఆయన బీరువాలోంచి కెమెరా దింపాడు. తొమ్మిది తీశాడు. కెమెరా ఎదురుగా కూర్చోగానే ఆవిడ మొహం పరీక్ష హాల్లోకి వెళ్ళిపోయింది. తొమ్మిదింట్లోనూ ఎవడో కాపీ కొడుతున్నాడు.

"ఇవి కాదురా. నాకు తెలియకుండా తీసింది కావాలి. నోరు మూసుకుని, మామూలు మనిషిలా ఉన్నది" అని సంచి నా బల్ల మీద బోర్లించారు. పదకొండు పెళ్ళిళ్ళు. కొన్ని క్యాసెట్లు, కొన్ని డిస్కులు. అన్నింటికీ ఆవిడే పెద్ద దిక్కట.

మా ఆయనకి ఒక నోట్‌బుక్ ఉంటుంది. పనికిరాని ప్రతి బొమ్మకీ టైము రాసి, పక్కన కారణం రాస్తాడు. నోరు తెరిచి ఉంటే ‘నోరు’, కన్ను మూసుంటే ‘కన్ను’, ఎవరైనా అడ్డమొస్తే ‘అడ్డం’. మూడో రోజున టీ పెట్టి పిలిస్తే పలకడేమని వెళ్ళి ఆ నోట్‌బుక్ చూశాను. నోరు, నోరు, నోరు, అడ్డం, నోరు, నోరు. పేజీలకి పేజీలు అంతే. తెర మీద చూస్తే, ఒక పెళ్ళిలో వంటవాళ్ళని తిడుతున్నారు, ఒకదాంట్లో డ్రైవర్ని, నాలుగో పెళ్ళిలో ఏకంగా పెళ్ళికొడుకుని. అతను బిక్కమొహం వేసి వింటున్నాడు. అతనూ ఆవిడ పాత స్టూడెంటే అయ్యుంటాడు.

"ఈవిడ ఊపిరెప్పుడు పీల్చుకుంటారండీ?" అన్నాను.

"అదే వెతుకుతున్నా" అన్నాడు, తల తిప్పకుండా.

శనివారం మధ్యాహ్నం ప్లైవుడ్ వెనకనుంచి, "ఆగాగు" అన్నాడు. ఆ తర్వాత "పోయింది" అనలేదు. నేను జిరాక్సు వదిలేసి వెళ్ళాను.

తొమ్మిదేళ్ళ నాటి పెళ్ళి. హెడ్మిస్ట్రెస్ గారు ఒక కుర్చీలో కూర్చుని ఉన్నారు. నోరు మూసుకుని ఉన్నారు. తల కాస్త పైకెత్తి పక్కకి చూస్తున్నారు, తన బరువు ఎవరో దించితే హాయిగా ఉన్న మనిషిలా. ఆ మొహంలో అంత మెత్తదనం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆవిడ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. వాచీ పెట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి వేసినావిడ మొహం సగమే అంచులో పడింది, మిగతా సగం ఫ్రేము బయట ఉండిపోయింది.

"చెయ్యి తుడిచేస్తే సరి" అన్నాడు మా ఆయన. రెండు రోజులు కూర్చుని తుడిచాడు. ఆ సగం మొహాన్నీ తుడిచాడు, వాచీని తుడిచాడు, నాలుగు వేళ్ళూ ఒక్కోటే తుడిచి భుజం మళ్ళీ దిద్దాడు. సోమవారం సాయంత్రం ప్రింటు తీసి టీచర్ గారి చేతిలో పెట్టి, మార్కుల కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. చూశారు. ముందు మొహం విప్పారింది, తర్వాత ముడుచుకుంది.

"ఒరేయ్. నా భుజానికి బొటనవేలు మొలిచిందేమిట్రా?"

మొలిచింది. నాలుగు వేళ్ళు తుడిచినవాడు అయిదోది మర్చిపోయాడు. నేను నవ్వాపుకోవడానికి లామినేషన్ మిషను వెనక్కి వంగాను. మా ఆయన అసలు సంగతి చెప్పి, తుడవక ముందటి బొమ్మ తెర మీద చూపించాడు.

అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారు నోరు మూసుకోవడం మేం కళ్ళారా చూశాం.

"అది నా తోటికోడలి చెయ్యి" అన్నారు. "మాకు మాటల్లేవు. ఎనిమిదేళ్ళయింది. ఒక శుభలేఖలో నా పేరు కింద దాని పేరు వేయించానని."

"పైన వేయిస్తే ఏం పోయేది టీచర్ గారూ?" అన్నాడు మా ఆయన. ఎక్కడ ఏం మాట్లాడాలో ఆయనకి ఎప్పుడూ తెలీదు.

ఆవిడ కోప్పడలేదు. "అది నాకేం చెప్తోందిరా అప్పుడు? సౌండు పెట్టు."

మా ఆయన నా మొహం చూశాడు. నేను క్యాలెండరు తీసేసి స్పీకరు దుమ్ము దులిపి ఇచ్చాను. వైరు ఎక్కడ పెట్టాలో మర్చిపోయాడు, రెండు చోట్ల గుచ్చి చూశాడు. ముందు హాలంతా కలిసిన గోల వినపడింది. దాంట్లోంచి టీచర్ గారి గొంతు, కుర్చీలవాణ్ణి తిడుతూ. ఆ తిట్టు మధ్యలోనే పక్కనుంచి ఇంకో ఆడగొంతు, తాపీగా:

"అక్కా, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు. ఇలా కూర్చో. ఆ అరిచేదేదో నేను అరుస్తాను."

హెడ్మిస్ట్రెస్ గారు మళ్ళీ పెట్టమన్నారు. మూడుసార్లు విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"తుడిచినవన్నీ తిరిగి పెట్టెయ్యరా" అని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం ఇద్దరొచ్చారు. టీచర్ గారి వెనకాల సన్నగా, పొట్టిగా ఒకావిడ. చేతికి అదే వాచీ. రాజీ ఎలా పడ్డారో, ఎవరు ముందు మాట్లాడారో మాకు చెప్పలేదు. ఎవరూ ఏడ్చిన గుర్తులు కూడా లేవు. వచ్చీ రాగానే చిన్నావిడ తెర ముందు వంగి చూసి, "నా మొహం సగమే పడిందేమిటి? గోడ చాటునుంచి తొంగిచూసినట్టు" అంది.

మా ఆయన నెమ్మదిగా వెనక్కి జరిపాడు. ఒక బొమ్మ, రెండు, ఆరు. ఆరోదాంట్లో కెమెరా కాస్త అటు తిరిగి ఉంది. చిన్నావిడ మొహం పూర్తిగా కనిపించింది, నవ్వుతూ. కానీ అక్కడికి టీచర్ గారి తిట్టు ఇంకా అయిపోలేదు. నోరు బార్లా తెరిచి ఉంది.

"ఒకటి కావాలంటే ఒకటి పోతుంది టీచర్ గారూ" అన్నాడు బిక్కుబిక్కుమంటూ. "మీ నోరు మూసుకుంటే ఈవిడ మొహం సగం. ఈవిడ పూర్తిగా ఉంటే మీ నోరు..."

హెడ్మిస్ట్రెస్ గారు ఆ రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశారు. వారం రోజులుగా ఆవిడ అడిగింది ఒక్కటే, అది ఎదురుగానే ఉంది.

"తెరిచే ఉండనీరా" అన్నారు. "దాని మొహం పూర్తిగా పడాలి."

చిన్నావిడ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

గురువారం ఆపరేషను బాగానే జరిగింది. అయిదో రోజునుంచే నర్సులకి క్లాసు పీకుతున్నారట, అలిసిపోతే తోటికోడలు అందుకుంటోందట. మొన్న అలమర సర్దుతుంటే మా ఆయన నోట్‌బుక్ కింద పడింది. తెరిచి చూశాను. ఆ పేజీలన్నిటి చివర, ఆ ఆరో బొమ్మ టైము రాసి, పక్కన ఇలా రాసుకున్నాడు: ‘నోరు. ఇదే సరైనది.’