అక్కావాళ్ల ఫోన్ లైను

నా చిన్నప్పుడు భిలాయిలో మా స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల వరస మొత్తానికీ ఫోను పక్కింటి అక్కావాళ్లకే ఉండేది. ఆ అక్క కంప్యూటర్ కోర్సు చదివేది. తన పాత కంప్యూటర్ మా ఇంట్లో పెట్టి, కిటికీలోంచి కిటికీలోకి వైరు లాగి, వాళ్ల ఇంటర్నెట్ మాకూ వచ్చేలా చేసింది. నేను ఇక్కడ ఏదైనా పేజీ తెరిస్తే చాలు, అక్కడ వాళ్ల కంప్యూటర్ దానంతటదే ఫోన్ లైను పట్టేసేది. నేను ఆపి, అది లైను వదిలేదాకా ఆ ఇంటికి ఎవరు ఫోన్ చేసినా ఎంగేజే. అందుకే అక్క ఒక్కటే షరతు పెట్టింది, కిటికీ దగ్గర నిలబడి అడక్కుండా నెట్ ముట్టుకోవద్దని.

ఒక రోజు పొద్దున్న వాళ్లమ్మకి ఆపరేషన్. అక్క తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడు. రక్తం కావలసొస్తే ఎదురుగా ఉన్న బూత్ నుంచి ఫోన్ చేస్తానన్నాడు. ఆ గ్రూపు రక్తం మా నాన్నదీ, చివరింటి మామయ్యదీ. ఇద్దరూ నైట్ షిఫ్ట్ దిగొచ్చి, అక్కావాళ్ల వరండాలో చెప్పులు విప్పకుండా కూర్చున్నారు.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ హడావిడిలో ఎవరూ చూడరులే అని, బుద్ధి గడ్డి తిని, మా ఇంట్లో నెట్‌లోంచి ఒక ఆట దింపుకోవడం మొదలుపెట్టాను. అమ్మ అక్కావాళ్లింటికి రమ్మని పిలిస్తే మానిటర్ మాత్రం ఆపి వెళ్లాను. కంప్యూటర్ ఆపేస్తే మళ్లీ మొదటినుంచీ దింపాలి మరి!

పదకొండయింది. పదకొండున్నరయింది. ఫోను రాలేదు. అక్క దాని ముందు నేల మీద కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది. లైను బాగుందో లేదో ఎత్తి చూద్దామని చివరింటి మామయ్య చెయ్యి చాపితే, "వద్దు మాఁవయ్యా, మనం ఎత్తినప్పుడే ఆడు సేత్తే?" అని అడ్డుపడింది. ఎత్తి ఉంటే లైన్లో కంప్యూటర్ కీచు శబ్దం వినపడేది. ఎత్తకపోయినా నాకు విషయం తెలిసిపోయింది. చెబితే నాన్న చంపేస్తాడు. చెప్పకపోతే అక్కావాళ్లమ్మ? మెల్లిగా లేచి మా ఇంటికి పరిగెత్తి వైరు పీకేశాను. తిరిగొచ్చి గుమ్మం ఎక్కుతుంటే ఫోను మోగింది.

తమ్ముడి అరుపు వరండాలోకి వినపడింది. గంట నుంచీ ఎంగేజట. రక్తం వెంటనే కావాలి, ఇంకొకరు కూడా ఉంటే మంచిదట. నాన్నా, మామయ్యా స్కూటరెక్కి ఆస్పత్రికి దూసుకెళ్లారు. ఇంతసేపు ఎంగేజ్ ఏమిటని అమ్మ అడిగితే, అక్క రొప్పుతున్న నా వైపు చూసింది. "లైను కరాబైంది పిన్నీ," అంది. తర్వాత నన్ను ఫోను పక్కన కూర్చోబెట్టింది.

"నాను సెక్టర్ ఫోర్‌కెళ్లి ఇంకొకల్ని అడిగొత్తాను. ఫోనొత్తే నువ్వే ఎత్తు. ఇక్కడినుంచి లేవకు."

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తిట్టలేదు. దాహంతో నాలిక పిడచకట్టుకుపోతున్నా, వంటింట్లోకి వెళ్లే ధైర్యం లేక అలాగే కూర్చున్నాను. గంట తర్వాత మోగింది.

"అక్కా, రక్తం ఎక్కిత్తున్నారే. ఇంక బయం లేదన్నారు," అంటూనే బావురుమన్నాడు. "ఫోను కలవకపోతే నానొక్కణ్నే ఏటి సెయ్యాలో తెలీక..."

అంత పెద్దబ్బాయి ఏడవడం నేనెప్పుడూ వినలేదు. వాళ్లక్క అనుకుని ఏడుస్తున్నాడు. నేను అక్కను కాదని చెప్పాను. ఎంగేజ్ చేసింది నేనేనని కూడా చెప్పేశాను. అక్కకి కబురు చెప్పమని మాత్రం అని పెట్టేశాడు. పరవాలేదు అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

అక్క రాగానే వాళ్లమ్మ సంగతి ముందు, నా సంగతి తర్వాత చెప్పాను. "తెల్సులే," అని నాకు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి.

ఇప్పుడు నాకు జుట్టు నెరుస్తోంది. ఎంగేజ్ అంటే ఏమిటో మా పిల్లలకి తెలీదు. కానీ నా వల్ల ఎవరి పనైనా ఆగితే, వాళ్లు కనుక్కునేదాకా ఆగను. నేనే ఫోన్ చేసి, తప్పు నాదేనని చెబుతాను. అవతలివాళ్లు పరవాలేదు అనాలని ఎదురుచూడను.