నీలం రంగు తీసెయ్యమన్న పెద్దమనిషి

స్వర్ణముఖి పొంగి తగ్గాక, తిరుపతిలో మేం కొందరం స్వచ్ఛందంగా కూర్చుని, డ్రోన్ తీసిన ఫోటోలు చూస్తూ పటంలో మునిగిన చోట్లకు నీలం రంగు వేశాం. సాయం ఎవరికి అందాలో ఆ పటాన్ని బట్టే నిర్ణయిస్తారు.

ఆ సంగతి తెలిసి ఒక ప్లాట్ల వ్యాపారి మైసూర్‌పాకు పట్టుకొచ్చాడు. చెరువు పూడ్చి లేఅవుటు వేసిన మనిషి.

"నా లేఅవుటు మింద ఆ నీలం తీసెయ్యప్పా. నీళ్లు పోయినాయి గదా, ఇంకా రంగెందుకు?" అన్నాడు.

"ఫోటోలో నీళ్లు కనిపిస్తా ఉండాయి సార్," అన్నాను.

"అవి మబ్బుల నీడలప్పా," అన్నాడు నిబ్బరంగా. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ పక్కన మెరక మింద మా మేడ ఉండాది. దానికి మాత్రం దట్టంగా పూయి. నష్టపరిహారం రావాల," అన్నాడు.

మైసూర్‌పాకు తిన్నాం. రంగు మాత్రం మార్చలేదు. ఇక ఆయన ప్లాట్లు ఎవరూ కొనరని నేను మురిసిపోయాను.

పటం బయటికొచ్చిన కొన్నాళ్లకే ఆయన లేఅవుటు ముందు రోడ్డు పక్కన పెద్ద బోర్డు లేచింది: "లేక్ వ్యూ ప్లాట్లు. త్వరపడండి." మాతో కూర్చుని ఆ లేఅవుటుకు నీలం వేసినతనే అందులో ఒకటి కొన్నాడు.

అదేమని అడిగితే, "తూర్పు ముఖమబ్బా, వాస్తు బాగుండాది," అన్నాడు.