అర నిమిషం ఆగిన బస్సు

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సు గురజాల దాటగానే, నా పక్క సీట్లోని పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. లారీ మెకానిక్‌నని అంతకుముందే చెప్పాడు.

“గ్యాసమ్మా, ఏం లేదు,” అన్నాడు. నుదుటి నిండా చెమట.

నా స్మార్ట్ వాచీ తీసి ఆయన మణికట్టుకు కట్టాను. దాని మీద వేలు ఆనించి అర నిమిషం కదలకుండా ఉంటే, గుండె సరిగా కొట్టుకుంటోందో లేదో చెబుతుంది. రెండుసార్లు ప్రయత్నించినా బస్సు కుదుపులకు రీడింగ్ రాలేదు.

“అన్నా, అర నిమిషం బండి ఆపు!” అని అరిచాను.

డ్రైవర్ బస్సును పక్కకు తీసి ఇంజన్ కూడా ఆపేశాడు. లోపల ఎవరూ మెదల్లేదు. ఈసారి రీడింగ్ వచ్చింది. ఆయన గుండె లయ తప్పిందని చూపించింది.

“ఏందమ్మా, ఇంజన్ మిస్ కొడతందా?” అన్నాడాయన.

అబద్ధం చెప్పలేక తలూపాను.

డ్రైవర్ ఎక్కడా ఆపకుండా పిడుగురాళ్లలో ఆసుపత్రి గుమ్మం దాకా పోనిచ్చాడు. ఈసీజీ తీసిన డాక్టర్, ఇంకా ఆలస్యం చేసుంటే గుండెలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకు చేరి పక్షవాతం వచ్చేదేమో అన్నాడు.

స్ట్రెచర్ మీద నుంచే వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు పెద్దాయన. “బస్సు ఎల్లిపోద్ది, పో తల్లీ,” అన్నాడు.

నా చెయ్యి మాత్రం వదల్లేదు. కబురందుకుని వాళ్లావిడ వచ్చేదాకా నేనూ కదల్లేదు.