అరవై రూపాయల రసీదు

పూత మీదే మామిడి తోటల కాపు కొనే రోజుల్లో, నూజివీడులో ఎనిమిది గదుల మేడలో ఉండేవాణ్ణని మనవలకు చెబుతుంటాను. మేడ కాదు, పెంకుటిల్లు. గదులు రెండే, అదీ ఒక వాటా. రెండో వాటాలో మామిడి తాండ్ర పోసి అమ్ముకునే ఒంటరి ఆడమనిషి ఉండేది. పెరట్లో ఎండ పడినంత మేరా ఆవిడ చాపలే.

ఇద్దరికీ అద్దె నెలకు తలా ఇరవై. కానీ ఆగిరిపల్లి రైతులు కాపు అమ్మేముందు, కొనేవాడు ఎలాంటి ఇంట్లో ఉంటున్నాడో ఆరా తీసేవారు. అందుకని ఇంటాయనను బతిమాలి రసీదుల్లో అరవై అని రాయించుకుని జేబులో తిప్పాను. ఆయన నవ్వుతూ రాసి, రసీదు పుస్తకంలో తన దగ్గరుండే సగం మీద నా సంతకం తీసుకున్నాడు.

ఆ నవ్వెందుకో ఏడాది తిరిగాక తెలిసింది. ఆవిణ్ణి ఖాళీ చేయమన్నాడు. అద్దెల చట్టం చిన్న అద్దెల వాళ్ళకే అండ. ఇరవై ఆ హద్దుకు లోపల, అరవై బయట. బయటున్న వాళ్ళను ఇంటాయన ఎప్పుడైనా పొమ్మనొచ్చు. ఆవిడకు ఏనాడూ రసీదు ఇవ్వలేదు. పక్క వాటా అరవై, ఇదీ అదే కొలత, కాబట్టి ఇదీ అరవయ్యేనని నా సంతకం కోర్టులో పెట్టాడు. నన్ను సాక్షిగా పిలిచారు.

ముందు రోజు ఆవిడ మా గుమ్మంలో నిలబడింది.

"ఇరవయ్యేనని ఒక్క మాట చెప్పండి అన్నయ్యగారూ. ఇంత ఎండ పడే పెరడు నాకింకెక్కడ దొరుకుద్దండీ?"

చెబుతానన్నాను.

బోనులో గర్జించానని చాలామందికి చెప్పుకున్నాను. గర్జించలేదు. వెనక బెంచీ మీద, ఆ ఏడు నాకు కాపు అమ్మబోయే రైతు కూర్చున్నాడు. అద్దె ఎంతని వకీలు అడిగాడు. అరవై అన్నాను.

తీర్పు నడి వేసవిలో వచ్చింది. తాండ్ర రెండు పొరలైనా ఆరకముందే ఆవిడ చాపలు చుట్టుకుంది. తిట్టలేదు. బండి పక్కన నిలబడి నా రెండు గదుల వైపు ఒకసారి చూసింది.

"మాదేముందండీ, ఇరవై కట్టేవాళ్ళం. అరవై కట్టే మారాజులు మీరు."

పైనెల ఇంటాయన వచ్చి నన్ను నిజంగానే అరవై అడిగాడు. ఇచ్చాను. ఇరవయ్యేనని అనడానికి నాకు నోరు రాలేదు.