ఏడున్నర అంగుళాల టేపు

మా బాబాయి పని పాటలు కోయడం. రికార్డింగ్ స్టూడియోలో చేరినప్పటి నుంచీ అదే పని. టేపు చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పి, డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడిందో చెవితో పట్టుకుని, అక్కడ మైనపు పెన్సిల్‌తో గీత గీసేవాడు. తర్వాత రేజర్ బ్లేడుతో ఏటవాలుగా కోసి, అక్కర్లేని ముక్క తీసేసి, మిగిలిన కొసలు రెండూ అతికించేవాడు. తన అతుకు ఎవరికైనా వినపడితే ఆ పూట భోజనం మానేస్తానని గొప్పలు పోయేవాడు. ఒక్క పూటా మానలేదని పిన్ని సాక్ష్యం చెబుతుంది.

ఒక ఏడాది ఆ స్టూడియోకి నలుగురు మనుషుల బృందం వచ్చింది. వాళ్లది న్యూవేవ్ అట. రాక్ సంగీతమే గానీ, గిటార్ల గోల తగ్గించి సింథసైజర్‌కి పెద్దపీట వేశారు. సన్నటి టైలు కట్టుకుని, నవ్వితే జరిమానా పడుతుందేమో అన్నట్టు ఉండేవాళ్లు. డ్రమ్స్ వాయించే మనిషికి బదులు ఒక చిన్న పెట్టె తెచ్చుకున్నారు, డ్రమ్ మెషిన్. మధ్యలో టీ అడగని డ్రమ్మర్‌ని చూడటం ఇదే మొదటిసారని బాబాయి ఇంటికొచ్చి చెప్పాడు. మాటలు అలా ఉన్నా వాళ్లంటే ఆయనకి ఇష్టం. సింథసైజర్ వాయించే ఆవిడ ఒక్క స్వరం కోసం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మీటలు తిప్పుతుంటే, పనిమంతురాలంటే ఆవిడేనని మురిసిపోయేవాడు.

ఆరు వారాల్లో ఆల్బమ్ పూర్తయింది. అప్పుడు పీకల మీదకి వచ్చింది. రికార్డుకి ఒక్కో వైపు ఇరవై రెండు నిమిషాలు దాటకూడదు, రెండో వైపు నలభై సెకన్లు ఎక్కువైంది. ఎవరి పాట తగ్గించాలన్న దగ్గర గొడవ మొదలైంది. పాడే అతను తన పాట జోలికి రావద్దన్నాడు. సింథసైజర్ ఆవిడ తన పాటలో చెయ్యి పెడితే బృందమే వదిలేస్తానంది. మర్నాటి నుంచి కచేరీల కోసం ఊళ్లు తిరగాలి, ఆ మర్నాటికి టేపు ఫ్యాక్టరీకి చేరాలి. చివరికి నలుగురూ మూతులు ముడుచుకుని బాబాయి ఎదుట నిలబడి, ఏం చేస్తారో మీ ఇష్టం అన్నారు.

ఎవరి మనసూ నొప్పించకూడదని బాబాయి ఆ వైపున్న ఐదు పాటల్లోనూ తలా ఎనిమిది సెకన్లు తీశాడు. ఐదు చోట్ల కోత, ఐదు అతుకులు. టేపు ఫ్యాక్టరీకి వెళ్లింది. బృందం విడిపోలేదు.

రెండు నెలలకి రికార్డు ఇంటికొచ్చింది. పిన్ని బొత్తాలు కుడుతూ వింటోంది, నేను పక్కనే ఉన్నాను. రెండో వైపు మూడో పాటలో, ఒక చరణం చివర బాబాయి ముఖం పాలిపోయింది. మాకేమీ తెలియలేదు. ఆయన మాత్రం లేచి చొక్కా వేసుకుని స్టూడియోకి పరుగెత్తాడు. కోసిన ముక్కలన్నీ కాగితం చీటీలతో కిటికీ అద్దానికి అంటించి ఉండేవి. మూడో పాట ముక్క తీసి కొలిచాడు. ఉండాల్సిన దానికంటే ఏడున్నర అంగుళాలు, అంటే సరిగ్గా ఒక దెబ్బంత, పొడవుంది. పదహారు దెబ్బలు కోయాల్సిన చోట పదిహేడు కోశాడు.

మనిషి వాయిస్తే ఏ దెబ్బకి ఆ దెబ్బ వేరుగా ఉంటుంది, లెక్క తప్పదు. మెషిన్ దెబ్బలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అన్నేళ్ల అలవాటుతో చెవిని నమ్ముకున్నాడు, చెవి మోసం చేసింది. యజమానికి చెబితే, వేల రికార్డులు అచ్చయి పోయాయి, నోరు మూసుకోమన్నాడు. బాబాయి నోరు మూసుకున్నాడు గానీ, మళ్లీ బ్లేడు పట్టుకోలేదు. వైర్లు చుట్టడం, హెడ్‌ఫోన్లు బాగుచేయడం, అదే ఆయన పనైంది. అలా ఆరేళ్లు. అంత చేయి తిరిగిన మనిషి మైకులు తుడుస్తుంటే చూడలేక, నేను స్టూడియో వైపు వెళ్లడమే మానేశాను.

ఆరో ఏట సింథసైజర్ ఆవిడ ఉత్తరం రాసింది, మూడు టిక్కెట్లు పెట్టి. ఆదివారం సాయంత్రం కచేరీ, తప్పకుండా రావాలి, ముఖ్యంగా రికార్డులో రెండో వైపు మూడో పాట మీరు వినాలి అని. ఇన్నాళ్లకి దొరికిపోయానని, అందరి ముందూ అడుగుతారని, బాబాయి రానంటే రానని మొండికేశాడు. అడిగితే తల దించుకుని ఒప్పుకుందురు గాని పదండి అని పిన్ని ఇస్త్రీ చొక్కా చేతికిచ్చింది.

హాలు కిటకిటలాడుతోంది. మెషిన్ పోయి, దాని చోట ఒక అమ్మాయి డ్రమ్స్ వాయిస్తోంది. ఆ మూడో పాట మొదలవగానే జనం చప్పట్లు అందుకున్నారు, ప్రతి నాలుగు దెబ్బల్లో మొదటి దాని మీద ఒక చప్పట చొప్పున. బాబాయి కూడా, చేతులు ఊరుకోక, కలిపాడు. మొదటి చరణం చివర డ్రమ్స్ అమ్మాయి ఒక దెబ్బ మింగేసింది. హాలు మొత్తం దాన్ని ఒక్కసారిగా దాటేసి ఒకే చప్పట కొట్టింది. తర్వాత ఒక్క క్షణానికి, ఒంటరిగా, మా బాబాయి చప్పట వినపడింది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు.

"మీరొక్కరే తప్పు కొట్టారండీ," అంది పిన్ని.

"లెక్క ప్రకారం నాదే కరెక్టు," అన్నాడు బాబాయి.

"అయితే వెళ్లి ఇంతమందికీ చెప్పి రండి."

రికార్డులో ఒక్కచోటే ఉన్న ఆ లోటుని వేదిక మీద ప్రతి చరణం చివరా పెట్టుకున్నారు వాళ్లు. రెండో చరణం అయిపోయేటప్పుడు బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని, వేదికని కాకుండా చుట్టూ ఉన్న జనాన్ని చూస్తూ కూర్చున్నాడు. వందల మంది ఆయన తప్పుని తడబడకుండా దాటేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

సింథసైజర్ వెనక నుంచి ఆవిడ మా వరస వైపే చూస్తోంది. మూడో చరణం చివరికొచ్చింది. బాబాయి చేతులు పైకెత్తాడు, పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగు అనకుండానే, హాలంతటితో పాటు చప్పట కొట్టాడు.