మొదటి తూటా అతిథికే

ముందే చెప్పేస్తున్నాను, నా నోట్లోకి వెళ్ళిన పిల్లి పులిగా తప్ప బయటికి రాదు. కాస్త తరుగు తీసి నమ్మండి. ఆ రోజుల్లో కెనడాలోని కాల్గరీలో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా మన స్టూడెంటొకడు నూడుల్స్ గిన్నెతో ప్రత్యక్షమయ్యేవాడు. నా బేస్‌మెంట్లో మాత్రం నాతోపాటు తుపాకి మందు కూడా కాపురముండేది. ఇంటాయన, అంకుల్, ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. షూటింగ్ క్లబ్బులో కొత్తగా చేరి, పిస్తోలు తూటాలు ఇంట్లోనే తయారుచేయడం మొదలుపెట్టారు. కాల్చిన ఖాళీ తొడుగుల్ని చెక్కపలకలో నిలబెట్టి, ఒక్కోదాంట్లో మందు పోసి, పైన సీసం గుండు ప్రెస్సుతో నొక్కి బిగించడం. ఒకసారి తొడుగు ప్రెస్సులో ఇరుక్కుంటే ఇల్లంతా ఊగేలా లాగారు (సరే, బల్ల ఒక్కటే ఊగింది).

ఆ శనివారం మందు పోస్తూండగా రాజమండ్రి నుంచి వాళ్ళక్కయ్య ఫోన్. గృహప్రవేశం ముహూర్తం దగ్గర మొదలై వియ్యపురాలి మోకాళ్ళదాకా నడిచింది సంభాషణ. తిరిగొచ్చి, ఎక్కడ ఆపారో చూసుకోకుండా, తొడుగుల్లోకి లైటైనా వేయకుండా మిగతావి పోసి అన్నీ బిగించేశారు. ఆ తర్వాత తీరిగ్గా నాకు పాఠం చెప్పారు: మందు పడకపోతే సీసం గుండు పిస్తోలు గొట్టంలో ఇరుక్కుంటుందట, రెండుసార్లు పడితే పిస్తోలే బద్దలవుతుందట.

"అంకుల్, మరి దేంట్లోనైనా డబుల్ పడుంటే?"

"వడ్డించేవాడికి తెలీదుట్రా, ఏ విస్తట్లో పప్పు వేశాడో? రేపు క్లబ్బు షూటింగ్ రేంజికి నువ్వూ రావాలి. గెస్టువి, మొదటి తూటా నీదే."

కాదంటే బేస్‌మెంటు పోతుంది, ఔనంటే వేళ్ళు పోతాయి. వేళ్ళు లేని చేతికి గ్లౌజు ఎలా తొడగాలా అని ఆలోచించే స్థితికి వచ్చేశాను. ఆంటీ వంటింటి తూకం తెచ్చి ఒక్కో తూటా తూచాను. తొడుగులే ఒక్కోటి ఒక్కో బరువు. చిటికెడు మందు ఆ తేడాలోనే దాక్కుంటుంది. భోజనాల దగ్గర చారన్నం కలుపుతూ కూర్చున్నాను. చివరికి ధైర్యం తెచ్చుకుని, "ఆంటీ, రేపు మొదటి తూటా మీరు కాలిస్తేనే బావుంటుంది" అన్నాను.

"ఏవండీ, అయితే నేనే కొడతా" అన్నారావిడ గరిటె దించకుండా.

అంకుల్ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "నీకెందుకే? చేతులదురుతాయి."

"ఆ పిల్లాడి చేతులైతే అదరవా?"

అంకుల్ చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళారు. కాసేపటికి టకటకమని చప్పుడు. తూటాలు విప్పే ప్లాస్టిక్ సుత్తితో ఒక్కోటీ కొట్టి విప్పేస్తున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంకా కొన్నే మిగిలాయనగా ఒకదాంట్లోంచి మందు రెట్టింపు రాలింది.

"నీకు తీసిపెట్టింది ఇదేనేమోరా" అన్నారు, నవ్వబోయి నవ్వలేక.

ఆ రెట్టింపు మందు నిజం, ఆయన నవ్వలేకపోవడమూ నిజం. నేను కల్పించింది నా ధైర్యం ఒక్కటే. ఆ పూట నేనేమీ అనలేదు. చారన్నం కలుపుతూనే కూర్చున్నాను. ఆంటీయే నా మొహం చూసి, ఎవరూ అడక్కుండానే, మొదట తానే కొడతానన్నారు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ ఘనత కొంచెం కొంచెంగా నావైపు జరుపుకుంటూ వచ్చాను. ఆవిడ వింటే, "పోనీలే, వాడికీ కాస్త వడ్డించండి" అనేవారేమో.